ఈ ఆల్బమ్ వింటుంటే నాది కాని చిన్నతనం ఎందుకు గుర్తొస్తోంది?

నీలిమబ్బు:

అందరికీ హాయ్. బోర్డ్స్ ఆఫ్ కెనడా వాళ్ల 'మ్యూజిక్ హ్యాజ్ ది రైట్ టు చిల్డ్రన్' గురించి అడుగుతున్నా, 1998లో వచ్చిన ఆల్బమ్. తెలిసినవాళ్లకి పరిచయం అక్కర్లేదు, తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే స్కాట్లాండ్‌కి చెందిన ఇద్దరు అన్నదమ్ములు, పాత సింథసైజర్లు, టేపులు, మధ్యమధ్యలో ఎక్కణ్ణుంచో తెచ్చిన పిల్లల గొంతులు, పాడేవాళ్లంటూ ఎవరూ ఉండరు.

నా డౌట్ ఏంటంటే, ఈ ఆల్బమ్ కింద జనం రాసేవి ఎక్కడ చూసినా ఒకటే వరస. స్కూల్లో ప్రొజెక్టర్ మీద వేసిన సైన్స్ ఫిల్మ్ గుర్తొచ్చిందని ఒకరు, వేసవి సెలవులు గుర్తొచ్చాయని ఇంకొకరు, నాన్న కెమెరాతో తీసిన వీడియో గుర్తొచ్చి ఏడ్చానని మరొకరు. సరే, వాళ్లు డెబ్బైల్లో ఎనభైల్లో పెరిగినవాళ్లు, గుర్తు రావడంలో వింతేం లేదు. నేను ఈ ఆల్బమ్ వచ్చాక పుట్టినవాణ్ణి. ఫిల్మ్ ప్రొజెక్టర్ కళ్లతో చూడలేదు, క్యాసెట్ ఎప్పుడూ పట్టుకోలేదు, నాకు గుర్తున్న మొదటి పాటలే ఫోన్లో విన్నవి. అయినా 'రాయ్‌జీబివ్' మొదలై ఆ లావుపాటి బేస్ నడుస్తుంటే దానిమీదకి ఆ ట్యూన్ ఎక్కుతుంది చూడండి, అక్కడ గొంతుకి ఏదో అడ్డం పడుతుంది నాకు. ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. ఏం పోయింది అంటే చెప్పలేను, అది నా దగ్గర ఎప్పుడూ లేదు కదా.

ఇది నిజంగా మ్యూజిక్‌లోనే ఉందా, లేకపోతే టైటిల్‌లో పిల్లలు ఉన్నారు, కవర్ మీద పాత ఫ్యామిలీ ఫొటో ఉంది, పైగా ఇంతమంది బాల్యం బాల్యం అని రాసింది ముందే చదివేశా కాబట్టి నాకు నేనే అనిపింపజేసుకుంటున్నానా? నిజం చెప్పండి, ఫీలవ్వను.

ఇంకోటి కూడా, ఇది సంతోషమో దిగులో తేల్చుకోలేకపోతున్నా. 'ది కలర్ ఆఫ్ ది ఫైర్'లో ఒక చిన్నపిల్ల గొంతు ఐ లవ్ యూ అనే మాటని ముక్కలుముక్కలుగా అంటూ ఉంటుంది. పగలు వింటే ముద్దొచ్చింది. రాత్రి లైట్లు ఆర్పేసి విన్నా, మధ్యలోనే తీసి పక్కన పడేశా. గొంతు అదే, పాట అదే.

టేపుమెకానిక్:

బ్రో, సగం మ్యూజిక్‌లోనే ఉంది, నీ ఊహ కాదు. మిగతా సగం గురించి నాకంటే తెలిసినవాళ్లు చెప్తారు, నేను నాకు తెలిసిన ముక్క చెప్తా. పాత టేప్ డెక్‌లు విప్పి బాగుచేసుకోవడం నా పిచ్చి కాబట్టి కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టు.

క్యాసెట్ డెక్ మూత తీసి చూస్తే టేపు ఒక సన్నటి స్టీల్ కడ్డీకి, ఒక రబ్బరు చక్రానికి మధ్యలో నలిగి ముందుకు పోతూ కనిపిస్తుంది. కడ్డీని కాప్‌స్టన్ అంటారు, చక్రాన్ని పించ్ రోలర్ అంటారు. కడ్డీ సమంగా తిరిగినన్నాళ్లు టేపు సమంగా నడుస్తుంది, పాట సమంగా ఉంటుంది. ఏళ్లు గడిచాక రబ్బరు గట్టిపడి నున్నగా మెరుస్తుంది, మోటారు బెల్టు సాగుతుంది, టేపు ఒక క్షణం వెనకపడి ఇంకో క్షణం తోసుకుని వస్తుంది. స్పీడ్ మారితే శ్రుతి మారుతుంది కదా. నెమ్మదిగా ఊగితే దాన్ని వావ్ అంటారు, గబగబా వణికితే ఫ్లట్టర్. ఇక్కడ అసలు విషయం ఏంటంటే మనిషి చెవి ఈ ఊగుడుని భలే పట్టేస్తుంది, సెకనుకి నాలుగుసార్లు ఊగితే అన్నిటికన్నా ఎక్కువగా పడుతుంది, అందుకే డెక్‌ల ఫ్లట్టర్ కొలిచే మీటర్లని కూడా ఆ నాలుగు హెర్ట్జ్ దగ్గరే ఎక్కువ మార్కులు పడేలా తయారుచేశారు. పాడేవాళ్ల గొంతులో కంపనం కూడా అటూఇటుగా సెకనుకి ఐదారుసార్లు ఉంటుంది. నా లెక్కలో టేపు వణుకు మనకి మెషిన్ లోపంలా కాకుండా ఎవరో గొంతు వణికినట్టు వినపడటానికి కారణం ఇదే, ఇది మాత్రం పుస్తకంలోది కాదు, నా మాట.

ఇంక స్పీడ్ సంగతి. స్టూడియో రీల్ టేపు సెకనుకి 38 సెంటీమీటర్లు పరిగెడితే క్యాసెట్ 4.76 సెంటీమీటర్లు పాకుతుంది, టేపు కూడా సన్నం. అందుకే పైస్థాయి శబ్దాలు, అంటే తాళాల మెరుపు, స అనే అక్షరం మొన, ఇవన్నీ ముందు పోతాయి, వాటి చోట్లో సుయ్య్ మని హిస్ మిగులుతుంది. ఎన్నిసార్లు వేస్తే అంత మొద్దుబారుతుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకి వద్దాం. నీకు ప్రొజెక్టర్ తెలియక్కర్లేదు, క్యాసెట్ పట్టుకోనక్కర్లేదు. పాత సినిమా ప్రింట్లు, పాత రికార్డింగులు ఎక్కడో అక్కడ వింటూనే పెరిగి ఉంటావు. మొన పోయి, హిస్ చేరి, శ్రుతి ఊగితే ఇది పాతది అని నీ చెవికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. వీళ్లు చేసింది కొత్తగా కట్టిన ట్యూన్‌ని కావాలని ఆ అరుగుడులోంచి తోలడం. ట్యూన్ నువ్వు మొదటిసారి వింటున్నావు, కానీ అది ఇదివరకే ఎన్నోసార్లు ఎవరో వినేసినట్టు అరిగిపోయి వస్తోంది. పోగొట్టుకున్నట్టు ఉందన్నావే, అది అక్కడుంది.

నమ్మకపోతే నువ్వే చేసి చూడు. ఏదైనా శుభ్రంగా ఉన్న పియానో ముక్క తీసుకో, ఫ్రీ ఎడిటర్‌లో ఏడు కిలోహెర్ట్జ్ పైన కోసెయ్, శ్రుతిని కొంచెమే, ఒక స్వరంలో పదోవంతు కూడా దాటకుండా, అడ్డదిడ్డంగా ఊగేలా పెట్టు, కింద సన్నగా హిస్ కలుపు. రెండూ పక్కపక్కన విని అప్పుడు చెప్పు.

సగంనిద్ర:

నేనూ విన్నా ఎవరో తెగ పొగిడితే. మూడో ట్రాక్ దగ్గర నిద్రపోయా. హోటల్ లిఫ్ట్‌లో వేసే మ్యూజిక్‌కీ దీనికీ తేడా ఏంటో చెప్తారా ఎవరైనా, వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా.

డ్రమ్ముబాబాయ్:

సగంనిద్ర, నీకు నిద్ర రావడంలో తప్పు నీది కాదు, ఇదిగో ఈ బాల్యం బ్యాచ్‌ది. యాంబియంట్, పొగమంచు, కల, అమ్మ ఒడి అని రాసిరాసి జనం దీన్ని జోలపాటలా వింటున్నారు. ఒరేయ్ బాబూ ఇది డ్రమ్ముల ఆల్బమ్ రా. వీళ్లు హిప్‌హాప్ విని పెరిగిన బుర్రలు. 'యాన్ ఈగిల్ ఇన్ యువర్ మైండ్'లో బీట్ దిగాక విను, ఆ కిక్, అంటే కింది పెద్ద డ్రమ్ము దెబ్బ, ఎక్కడ పడుతుందా అని కాచుకుని కూర్చుంటే పడాల్సిన చోట పడదు, వదిలేశాక పడుతుంది. 'టెలిఫేసిక్ వర్క్‌షాప్'లో ఏకంగా మనిషి గొంతునే తరిగి, మాట అర్థం కానంత సన్నగా తరిగి, దాన్నే తాళంలా వాయించారు. సగం అక్షరం, పీల్చిన ఊపిరి, నాలుక తగిలిన చప్పుడు, ఇవన్నీ స్నేర్ డ్రమ్ము పక్కన ఇంకో స్నేర్‌లా కూర్చుంటాయి. ఆ పాట నడుస్తుంటే నిద్ర ఎవడికొస్తుంది?

ఆ టైటిల్ చూస్తే నాకు బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాపే గుర్తొస్తుంది, టీవీ రేడియో కార్యక్రమాలకి టేపు ముక్కలు కత్తిరించి అతికించి శబ్దాలు తయారుచేసిన విభాగం, 1958లో మొదలైంది, మూసేసింది 1998లో, అంటే సరిగ్గా ఈ ఆల్బమ్ వచ్చిన ఏడే. కాకతాళీయమే అనుకో. కానీ ఆ సంప్రదాయం తెలిస్తే ఇది లిఫ్ట్ మ్యూజిక్ ఎందుకు కాదో అర్థమవుతుంది. లిఫ్ట్ మ్యూజిక్ నిన్ను దేన్నీ గమనించనివ్వకూడదని చేస్తారు. ఇందులో గమనించేకొద్దీ ఏదో ఒకటి బయటపడుతుంది. 'అక్వేరియస్' తీసుకో, బేస్ లూప్ మీద ఒక గొంతు అంకెలు లెక్కపెడుతూ పోతుంది, ఆరెంజ్ అనే మాట వస్తూ ఉంటుంది. లెక్క మొదట బుద్ధిగా వెళ్తుంది. కాసేపటికి గాడి తప్పుతుంది. నువ్వు వినకుండా కూర్చుంటే అది తప్పిన సంగతే నీకు తెలీదు, వింటే మాత్రం ఈ లెక్కపెట్టేది ఎవరు, ఏం లెక్కపెడుతున్నారు అని మొదలవుతుంది.

స్పీకర్లలో వినండి ఒకసారి, హెడ్‌ఫోన్ తీసేసి. కింద బేస్ ఎంతుందో అప్పుడు తెలుస్తుంది.

నిద్రగన్నేరు:

బాబాయ్ గారూ మీ కోపం సబబే కానీ బాల్యం బ్యాచ్‌ని మరీ అంత తీసిపారేయకండి, ఆ బ్యాచ్‌లో నేనూ ఉన్నా.

నీలిమబ్బు అడిగిన ప్రశ్న చాలా పాతది. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో రాసిన థీసిస్‌లో ఈ ఇంటి దిగులుని ఒక జబ్బుగా వర్ణించాడు, అంటే నిజంగా జబ్బుగానే, మందులతో సహా. పరాయి దేశాల్లో కొలువు చేసే స్విస్ సైనికులకి ఇది ఎక్కువగా వస్తుందని ఆ తర్వాతి రోజుల్లో బాగా ప్రచారమైంది. దీంట్లో మనకి పనికొచ్చేది తత్వవేత్త రూసో చెప్పిన మాట. ఆయన 1768లో అచ్చైన తన సంగీత నిఘంటువులో, ఆల్ప్స్‌లో పశువుల కాపర్లు వాయించే ఒక ట్యూన్ గురించి రాశాడు. అది వింటే సైనికులు ఏడ్చేవాళ్లని, పారిపోయేవాళ్లని, అందుకే పటాలంలో దాన్ని వాయించడం నిషేధించారని. పారిపోయినవాళ్ల మాట ఎంతవరకు నిజమో పక్కన పెట్టండి, ఆయన దానికి ఇచ్చిన వివరణ చూడండి. ఆ ట్యూన్‌లో అంత శక్తి వెతికితే దొరకదు, బయటివాళ్ల మీద అది పనే చెయ్యదు, అది అక్కడ సంగీతంలా కాకుండా ఒక జ్ఞాపక చిహ్నంలా పనిచేస్తోంది అంటాడు.

అంటే రూసో లెక్కలో నీలిమబ్బుకి ఏమీ అనిపించకూడదు. పుట్టని కాలం, చూడని ఊరు, లేని జ్ఞాపకం. కానీ అనిపిస్తోంది. టేపుమెకానిక్ గారు చెప్పినదాంతో సగం తీరింది, పాతదనం చెవికి తెలుస్తుంది నిజమే. కానీ పాతదనం వేరు, నాది అనిపించడం వేరు కదా. వందేళ్ల కిందటి గ్రామఫోన్ రికార్డు ఇంతకన్నా ఘోరంగా అరిగి ఉంటుంది, అది వింటే నాకు పాతది అనిపిస్తుందే కానీ నాది అనిపించదు.

2013లో కార్నెల్ యూనివర్సిటీలో క్యారల్ క్రమ్‌హాన్సల్ వాళ్లు చేసిన స్టడీ ఒకటుంది. ఇరవై ఏళ్ల పిల్లలకి వేర్వేరు దశాబ్దాల హిట్ పాటలు వినిపించారు. మామూలుగా మనకి పదేళ్లకీ ముప్పై ఏళ్లకీ మధ్యలో విన్నవి ఎక్కువ గుర్తుంటాయని తెలిసిందే. వీళ్లలో అది కాక గ్రాఫ్‌లో ఇంకో గుట్ట కనిపించింది, తల్లిదండ్రులు కుర్రాళ్లుగా ఉన్న కాలపు పాటలు, అంటే తాము పుట్టకముందు పాటలు, వాటిమీద కూడా ప్రత్యేకంగా మనసు కదిలింది. ఇంట్లో మోగుతుంటే చిన్నప్పుడు చెవిన పడ్డవి అయ్యుంటాయని వాళ్ల ఊహ. మరి నీలిమబ్బు ఇంట్లో ఎవరూ ఈ ఆల్బమ్ పెట్టలేదు కాబట్టి ఆ స్టడీ నేరుగా అతకదు, అది హిట్ పాటల మీద చేసింది. అయినా ఒక్కటి మాత్రం తేలుతుంది, జ్ఞాపకానికి నేను పుట్టిన తేదీ నుంచే మొదలవ్వాలనే రూలేం లేదు.

నాకు అనిపించేది వేరే. ఈ పాటల్లో ట్యూన్లు ముగియవు. 'ఓల్సన్' ఒకటిన్నర నిమిషమే, డ్రమ్ముల్లేవు బాబాయ్ గారూ చూసుకోండి, ఒక మెత్తటి సింథ్ అటూఇటూ కదిలి అలాగే వెళ్లిపోతుంది. మొదటి ట్రాక్ 'వైల్డ్‌లైఫ్ అనాలిసిస్' ఒక నిమిషం దాటగానే అయిపోతుంది. ఇంకాస్త ఉంటే బాగుండు అనుకునేలోపే లేదు. పోగొట్టుకున్నట్టు ఉంది అనడానికి బయట జ్ఞాపకాలు వెతకడం ఎందుకు, పోగొట్టుకోవడం ఆ నిమిషంన్నరలోనే జరుగుతోంది. పాట మొదట్లో విన్నదే పాట చివరికి జ్ఞాపకం అయిపోతోంది.

పాతరీలు:

చాలా మంచి పాయింట్లు. కాకపోతే ఒకటి అందరూ వదిలేశారు. ఇది బాల్యం గురించి కాదు, టీవీ గురించి. బ్యాండ్ పేరే నేషనల్ ఫిల్మ్ బోర్డ్ ఆఫ్ కెనడా నుంచి తీసుకున్నారు. ప్రభుత్వం డబ్బుతో డాక్యుమెంటరీలు, స్కూలు పిల్లల ఫిల్ములు, యానిమేషన్లు తీసే సంస్థ అది, 1939లో పెట్టారు. ఈ అన్నదమ్ములు చిన్నప్పుడు కొన్నాళ్లు కెనడాలో క్యాల్గరీలో ఉన్నారు, అక్కడ చూసిన ఫిల్ములు బుర్రలో ఉండిపోయాయి. తమాషా ఏంటంటే ఆ ఫిల్మ్ బోర్డ్‌కి మొదటి కమిషనర్‌గా వెళ్లిన జాన్ గ్రియర్సన్ కూడా స్కాట్లాండ్ వాడే. స్కాట్లాండ్ నుంచి ఒకాయన వెళ్లి కెనడాలో ఫిల్ములు తీయించాడు, అవి చూసిన పిల్లలు స్కాట్లాండ్‌కి తిరిగొచ్చి వాటి వాసనతో ఆల్బమ్ చేశారు.

'పీట్ స్టాండింగ్ అలోన్' అని ట్రాక్ ఉంది కదా, ఒంటరిగా నిలబడ్డ పీట్ అని ఏదో కవిత్వం అనుకుంటారు చాలామంది. అది ఒక మనిషి పేరు. ఆల్బర్టాలో కైనై తెగకి చెందిన ఆయన, 1960 నాటి ఫిల్మ్ బోర్డ్ డాక్యుమెంటరీ 'సర్కిల్ ఆఫ్ ది సన్'లో కనిపిస్తాడు, తర్వాత ఆయన పేరుతోనే ఇంకో ఫిల్మ్ కూడా తీశారు. తన తెగ ఆచారాలకీ బయటి ప్రపంచానికీ మధ్య నలిగే మనిషి కథ. ఇది తెలిశాక ఆ ట్రాక్ మళ్లీ వినండి.

ఆ రోజుల్లో ఈ టైపు ఫిల్ములకి మ్యూజిక్ బడ్జెట్ తక్కువ, ఒక సింథ్‌తో ఒకరే కూర్చుని కొట్టేసేవాళ్లు. ప్రింట్ స్కూళ్లు తిరిగితిరిగి గీతలు పడి, సౌండ్ ట్రాక్ ఊగుతూ వచ్చేది. దానిమీద ఒక పెద్దమనిషి నిదానంగా నక్కల గురించో, నదుల గురించో చెప్తూ ఉంటాడు. ప్రపంచం ఇలా ఉంటుంది, ఇలా నడుస్తుంది, భయం లేదు అనే గొంతు. నా ఉద్దేశంలో జనానికి బెంగ ఆ గొంతు మీద. అంత ధీమాగా చెప్పేవాడు ఇప్పుడు ఎక్కడున్నాడు. దానికి నువ్వు 1975లో పుట్టాల్సిన పనేం ఉంది?

ఇంక కవర్. ఫ్యామిలీ ఫొటో అన్నావు, దగ్గరగా చూశావా? కెనడా బాన్ఫ్ దగ్గర కొండలు కనిపించే చోట వరసగా నిలబడ్డ కుటుంబం, మొత్తం నీలాకుపచ్చ రంగు పూసినట్టు ఉంటుంది. ఒక్కరికీ ముఖం లేదు. కళ్లు, ముక్కు, నోరు తుడిచేసి చర్మం మాత్రం ఉంచారు. నీకు ఐ లవ్ యూ దగ్గర భయమేసిందంటే నువ్వు కరెక్ట్‌గానే విన్నావు. ముఖాల్లేని చోట ఎవరి ముఖాలైనా పెట్టుకోవచ్చు కదా, అందుకే వినే ప్రతివాడూ తన వాళ్లని తెచ్చి పెట్టుకుంటున్నాడు.

సగంనిద్ర:

సరే టెలిఫేసిక్ విన్నా స్పీకర్లలో. నిద్ర రాలేదు, ఒప్పుకుంటా. కానీ ఇంకో డౌట్. ఇప్పుడు యూట్యూబ్ తెరిస్తే చదువుకోడానికి లోఫై అని, వాన చప్పుడుతో సహా, ఇదే ఊగుడు, ఇదే హిస్. ఒక నాబ్ తిప్పితే అరిగిన టేప్ వచ్చేస్తోంది. మరి టేపుమెకానిక్ గారు చెప్పిందే నిజమైతే అవన్నీ కూడా ఇంతే గొప్పవి అవ్వాలి కదా?

టేపుమెకానిక్:

మంచి దెబ్బ కొట్టావు. కావు. ఎందుకో చెప్తా.

నువ్వు చెప్పిన ఆ నాబ్ ఉండే ప్లగిన్‌లో, అంటే ఎడిటర్‌కి తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్‌లో, ఊగుడు చివర్లో కలుపుతారు, అంతా రెడీ అయ్యాక పైన చల్లే కొత్తిమీరలాగ. పాట మొత్తం మీద ఒకేలా ఊగుతుంది, డ్రమ్ములు, బేస్, ట్యూన్ అన్నీ కలిసి ఒకే పడవలో ఉన్నట్టు. రెండు నిమిషాల్లో చెవికి అలవాటైపోయి వినపడటం మానేస్తుంది. ఈ ఆల్బమ్‌లో డ్రమ్ము నిటారుగా నిలబడి ఉంటుంది, ట్యూన్ మాత్రం దానిపక్కన తూలుతూ ఉంటుంది. బాబాయ్ చెప్పిన డ్రమ్ములు, నేను చెప్పిన టేపు విడివిడి విషయాలు కావు, ఆ తూలడం తెలియాలంటే పక్కన తూలనిది ఒకటి ఉండాలి. పైగా రెండు సింథ్ స్వరాలని ఒకదానికొకటి కొంచెం శ్రుతి తప్పించి పెడతారు. ఒకటి 440 హెర్ట్జ్, ఇంకోటి 442 అనుకో, రెండూ కలిస్తే సెకనుకి రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది శబ్దం. పాత ఎనలాగ్ సింథ్‌లు గది వేడెక్కితే వాటంతట అవే ఇలా జారేవి, ట్యూనింగ్ నిలిచేది కాదు. ఆ రోజుల్లో ఇంజనీర్లు దీన్ని పోగొట్టడానికి తల పట్టుకునేవాళ్లు, వీళ్లు అదే కావాలని తెచ్చుకున్నారు. ట్యూన్ కట్టేటప్పుడే ఈ జారుడు లెక్కలో ఉంటుంది, ఏ స్వరం దగ్గర ఎక్కువ నిలబడితే ఎక్కువ కలత పెడుతుందో ఆ స్వరం దగ్గరే నిలబెడతారు.

నిద్రగన్నేరు గారు అన్న పాతది వేరు నాది వేరు అనే మాటకి నా దగ్గర జవాబు లేదు, అది బాగుంది.

నిద్రగన్నేరు:

ఇంకో కోణం కూడా చూడండి. టేపు అరుగుడునే పాటగా చేసినవాళ్లు ఉన్నారు. విలియం బసిన్‌స్కీ తన పాత టేప్ లూపులని డిజిటల్‌లోకి ఎక్కిస్తుంటే టేపు మీది అయస్కాంతపు పొడి రాలిపోవడం మొదలైంది, తిరిగిన ప్రతిసారీ ట్యూన్ ఇంకాస్త ఊడిపోతూ వచ్చింది, ఆయన ఆపకుండా అలాగే రికార్డ్ చేశాడు, 'ది డిసింటిగ్రేషన్ లూప్స్' అవే. ది కేర్‌టేకర్ పేరుతో లేలండ్ కర్బీ చేసిన 'ఎవ్రీవేర్ ఎట్ ది ఎండ్ ఆఫ్ టైమ్' అయితే 2016 నుంచి 2019 దాకా ఆరు భాగాలుగా వచ్చింది, మొత్తం ఆరున్నర గంటలు, మతిమరుపు జబ్బు ముదిరేకొద్దీ పాత డ్యాన్స్ పాటలు మసకబారుతూ చివరికి ఏ పాటో తెలియకుండా పోతాయి. అది నేను పూర్తిగా వినలేకపోయా, చెప్పేస్తున్నా, నాలుగో భాగంలో ఆపేశా.

వాటితో పోలిస్తే బోర్డ్స్ ఆఫ్ కెనడా దయగల మనుషులు. అరుగుడుని ఒక హద్దులో ఆపి ట్యూన్‌ని బతకనిస్తారు. నీలిమబ్బు, సంతోషమా దిగులా అన్నావే, ఆ హద్దు దగ్గర ఉండటం వల్లే రెండూ వినిపిస్తున్నాయి. ఇంకొంచెం శుభ్రంగా ఉంటే పిల్లల టీవీ ప్రోగ్రాం, ఇంకొంచెం అరిగితే శిథిలం.

డ్రమ్ముబాబాయ్:

'ఓల్సన్'లో డ్రమ్ముల్లేవని ఎత్తిపొడిచారు, చూశా చూశా. ఆ ఒక్కటీ మినహాయింపు ఇస్తున్నా.

నీలిమబ్బు:

అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. పియానో ముక్క మీద టేపుమెకానిక్ అన్న చెప్పినట్టు చేసి చూశా. పాతగా అయింది. కానీ ఏడుపు రాలేదు. అదే ట్యూన్‌ని సగంలో కోసి, ముగింపు లేకుండా వదిలేసి మళ్లీ విన్నా, అప్పుడు కొంచెం కదిలింది. కాబట్టి నిద్రగన్నేరు గారికి నా ఓటు కొంచెం ఎక్కువ.

కవర్ మాత్రం పాతరీలు గారు చెప్పాక పెద్దది చేసి చూశా, చూడకుండా ఉండాల్సింది. ఫోన్లో ఇన్నాళ్లూ గోరంత సైజులో చూస్తూ అందరూ నవ్వుతున్నారనే అనుకుంటూ వచ్చా, అసలు నోళ్లే లేవు కదా, ఆ నవ్వు నేను ఎక్కణ్ణుంచి తెచ్చిపెట్టానో నాకే తెలీదు.

ఒక్క ప్రశ్న, తర్వాత ఏది వినాలి? భయపెట్టేది వద్దు ప్రస్తుతానికి.

పాతరీలు:

అయితే 'జియోగాడి' వైపు వెళ్లకు ఇప్పుడే. 2002లోది. నిడివి 66 నిమిషాల 6 సెకన్లు, సైతాను అంకె 666 గుర్తొచ్చేలా కావాలనే అలా పెట్టారు, చివరి ట్రాక్ మొత్తం నిశ్శబ్దం, ఆ లెక్క సరిపెట్టడానికి. వెనక్కి తిప్పి ప్లే చేస్తే మాటలు వినిపిస్తాయని జనం ఏళ్లతరబడి తవ్వుతూనే ఉన్నారు, కొన్ని నిజంగానే ఉన్నాయి. నాకు వాళ్లలో అదే గొప్పది కానీ నీకు ఇప్పుడు కాదు. 2000లో వచ్చిన 'ఇన్ ఎ బ్యూటిఫుల్ ప్లేస్ ఔట్ ఇన్ ది కంట్రీ' వెతుకు, నాలుగే ట్రాకులు.

డ్రమ్ముబాబాయ్:

బ్యూటిఫుల్ అని పేరు పెట్టారు కదాని నమ్మి పంపిస్తున్నావా కుర్రాణ్ణి? దాంట్లో రెండో ట్రాక్ పేరు 'అమో బిషప్ రోడెన్' ఎవరిదో కనుక్కోమను ముందు, అమెరికాలో టెక్సస్‌లోని వేకోలో కాలిపోయిన బ్రాంచ్ డేవిడియన్ మతం గుంపు కథ మొత్తం బయటికొస్తుంది. భయం వద్దంటే 2005 'ది క్యాంప్‌ఫైర్ హెడ్‌ఫేజ్', గిటార్లు ఉంటాయి, ఎండ ఉంటుంది. లేదూ వెనక్కి వెళ్లాలంటే 1996 'హై స్కోర్స్', ఈ ఆల్బమ్‌లో ఉన్న 'టర్క్వాయిజ్ హెక్సగన్ సన్' అంతకుముందే దాంట్లో ఉంది, డ్రమ్ములు కూడా బాగుంటాయి.

టేపుమెకానిక్:

'క్యాంప్‌ఫైర్' గిటార్లు కూడా టేపులో నానబెట్టినవే, గిటారా సింథా అని కాసేపు తెలీదు. నా ఓటు దానికే. 2013 'టుమారోస్ హార్వెస్ట్' మాత్రం ఇప్పుడప్పుడే వద్దు, ఎవరూ మిగలని ఊరి సినిమాకి మ్యూజిక్‌లా ఉంటుంది. ఏది పెట్టినా షఫుల్ ఆపి పెట్టు, ఆ నిమిషం ముక్కలన్నీ పక్క పాటల మధ్య ఉంటేనే పనిచేస్తాయి.

సగంనిద్ర:

నేను 'జియోగాడి' పెట్టేశా ఆల్రెడీ. చివర్లో నిశ్శబ్దం అని ముందే చెప్పి చెడగొట్టారు, లేకపోతే హెడ్‌ఫోన్ పోయిందనుకుని ఉండేవాణ్ణి.